సూది జారిన గిన్నె

పోయిన వారం టీచరమ్మను తొట్టి గట్టు మీద ఒంటరిగా వదిలేసి వచ్చాం. చేతిలో గడియారం, ఎదురుగా నీళ్లలో తేలుతున్న రాగి గిన్నె, గిన్నె అడుగున సన్నటి చిల్ల. ఆ చిల్లలోంచి నీళ్లెక్కి గిన్నె మునగడానికి ఇరవై నాలుగు నిమిషాలు పట్టాలి. తాతమ్మ రాయించిన వక్ఫ్‌నామా లెక్క అది. గడియారం పద్దెనిమిదే అంటోంది. నమ్మబుద్ధి కాక మూడుసార్లు వేసి చూసింది. మూడుసార్లూ పద్దెనిమిదే.

ఈ వారమే పుస్తకం చేతికి తీసుకున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు. తాతమ్మ తన ఊటనీ, దాని కింద కట్టించిన రాతి తొట్టినీ అల్లా పేర వక్ఫ్ చేసి, వక్ఫ్‌నామా అనే దస్తావేజు రాయించి పోయింది. అంటే వాటిని ఎవరూ అమ్మడానికి లేదు, పంచుకోవడానికీ లేదు. నీళ్లు మాత్రం పారుతూ ఉండాలి. పొద్దు పొడిచింది మొదలు ఊళ్లోని ఎనిమిది చేలకు వరసగా మూడేసి గిన్నెల సేపు నీళ్లు. అవి అయ్యాక పొద్దు గుంకేదాకా పారేది మిగులు. ఆ మిగులు ఆమె సంతతి తిండికీ చదువుకూ. ఇదంతా సవ్యంగా జరిగేట్టు చూసే మనిషిని ముతవల్లీ అంటారు. నలభై ఏళ్లు ఆ బాధ్యత టీచరమ్మ తండ్రి మోశాడు. ఐదు వారాల కిందట ఆయన పోయాడు. పట్నంలో లెక్కలు చెప్పుకునే ఈవిడ సెలవు పెట్టి వచ్చి, ఆ బరువు నెత్తికెత్తుకుంది.

గిన్నె తొందరగా మునిగితే చేలకు తక్కువ పారుతుంది, ఇంటికి ఎక్కువ మిగులుతుంది. ఐదో తరగతి పిల్లకు ఇచ్చినా చేసేసే లెక్క. రోజుకు రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాల నీళ్లు చేల నుంచి జారి వీళ్ల ఇంటి వాటాలోకి వచ్చి పడుతున్నాయి. మిగులు సరిగ్గా రెట్టింపైంది.

అది తెలిసినప్పుడు ఆమెకు భయం వేయాలి, కనీసం కోపమైనా రావాలి. ఏమీ రాలేదు. తండ్రి పోయినప్పటి నుంచీ ఆమెకు ఏదీ తగలడం లేదు. పడుకున్నప్పుడు చెయ్యి ఒంటి కింద పడి తిమ్మిరెక్కితే, అది మన చెయ్యే అని కంటికి తెలుస్తుంది గానీ ఒంటికి తెలియదు. అలా ఉంది ఆమెకు. పరామర్శకు వచ్చినవాళ్లు ఏడిస్తే వాళ్లకు మంచినీళ్లు అందించింది. అందరికీ గ్లాసులు సరిపోయాయా అని చూసుకుంది. రాతిగుండె మనిషని ఒకరిద్దరు చెవులు కొరుక్కున్నారు కూడా. విని, నిజమే కాబోలనుకుంది.

శుక్రవారం పొద్దున్నే ఆమె వక్ఫ్ గది తలుపు తీసింది. తొట్టిని ఆనుకుని ఉన్న చిన్న గది అది. నీళ్ల మీదికి తెరుచుకునే ఒక కిటికీ, ఒక ఇనప్పెట్టె, కుంటి కాలు కింద ఇటుక ముక్క పెట్టిన బల్ల. గోడ మీద ఎనిమిది చేల వరస సున్నంతో రాసి ఉంది. ఆ అక్షరాలు తండ్రివే. ఇనప్పెట్టెలోని రేకు గొట్టంలోంచి వక్ఫ్‌నామా తీసి, చివరి నుంచి మొదటికి చదివింది. తప్పు దొరకని లెక్కను ఆమె అలాగే దిద్దుతుంది.

చివరి వాక్యం ఆమె ఎప్పుడూ పట్టించుకోనిది. ‘గిన్నె చిల్లకు సరిపోయే రాగి సూదిని దీనితో పాటు ఉంచుతున్నాను. ఏటా సూది గుచ్చి చూడండి. బిగిస్తే గిన్నె మంచిది. జారితే గిన్నె మార్చండి.’

గొట్టంలో సూది లేదు. పెట్టె అంతా కుమ్మరించింది, బల్ల సొరుగులు లాగింది, చాప దులిపింది. ఎక్కడా లేదు. ఆఖరికి తండ్రి కళ్లద్దాల పెట్టె తెరిస్తే, అద్దాల కింద గుడ్డముక్కలో చుట్టి ఉంది. ఆయన అద్దాలు రోజుకు రెండుసార్లు పారేసుకునేవాడు గానీ ఆ పెట్టె మాత్రం ఒక్కనాడూ చొక్కా జేబు దాటలేదు. భద్రంగా ఉంటుందని దగ్గర పెట్టుకున్నాడులే అనుకుంది. సూది తీసి చీర కొంగున ముడేసుకుంది.

శుక్రవారాలు నమాజు వేళకు గిన్నె ఆగుతుంది. ఏడు చేల వంతులు అయిపోయి ఉంటాయి. తూము మూసేస్తారు. తొట్టి మళ్లీ నిండుతుంది. ఆ విరామంలో గిన్నెను తోమి ఇస్తే, నమాజు అయ్యాక ఎనిమిదో చేనుకు, అంటే కాలువ చిట్టచివరి చేనుకు వంతు మొదలవుతుంది. గిన్నెకు కాపలా ఉండే ముసలాయన్ని అందరూ గిన్నెతాత అంటారు. కళ్లు ఆనవు గానీ చెవులు మాత్రం పాము చెవులు. గిన్నె మునిగేటప్పుడు వచ్చే బుడుంగుమనే చప్పుడు పట్టే ఆయన వంతులు మారుస్తాడు.

ఆ మధ్యాహ్నం ఆయన తడి గిన్నెను గుడ్డలో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టాడు. “మీ అమ్మగారు ఇంకా రాలేదా? మోకాలు నొప్పి కాబోలు. తోమాక ఒక్క కేకెయ్యండి, వచ్చి పట్టుకెళ్తా” అని నమాజుకు వెళ్లిపోయాడు.

బయట గట్టు మెట్టు మీద నారుమళ్ల అక్క అప్పటికే కూర్చుని ఉంది. చివరి చేను ఆమెదే. నీళ్లందక రెండేళ్లుగా సగం బీడు పెట్టింది. ఇంకో పదకొండు మంది ఆడవాళ్లను కూడగట్టుకుని, ఆ చేలో కూరగాయల నారు పెంచి చుట్టుపక్కల ఊళ్లకు ఇవ్వాలని ఏడాదిగా ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరుగుతోంది. మూడు గిన్నెల నీళ్లు ఖాయమని ముతవల్లీ ఒక ఉత్తరం రాసిస్తే అప్పు ఇస్తామన్నారట.

“ఉత్తరం సంగతి ఏం చేశారు టీచరమ్మా?” అంది కిటికీలోంచి తొంగి చూసి. “ఇవాళ తేలకపోతే మావాళ్లలో నలుగురు సోమవారం నుంచి ఇటుకల బట్టీకి పోతామంటున్నారు. వెళ్లినవాళ్లు తిరిగి రారు. మీకు తెలియనిదేముంది.”

“నమాజు అయ్యాక చెబుతా.”

“ఊట తగ్గిపోయిందని అంటున్నారు. మీరు చూశారుగా, నిజంగానే తగ్గిందా?”

టీచరమ్మ గిన్నె చుట్టిన గుడ్డ విప్పింది. ఊట తగ్గలేదు. ఆ మాట ఇంత పెద్ద ఊళ్లో ఆమె ఒక్కతికే తెలుసు.

తమ్ముడు మసీదు నుంచి నేరుగా వచ్చాడు. టోపీ మడిచి జేబులో పెట్టుకుంటూ, రెండో జేబులోంచి కాగితాలు తీసి బల్ల మీద పరిచాడు. 

“మూడింటికి మంచినీళ్ల సీసాల కంపెనీ ఆయన వస్తున్నాడక్కా. ఇక్కడో సంతకం, వెనకాల ఇంకోటి. అంతే.”

“దేనికి?”

“మళ్లీ మొదటికొచ్చావా? మన మిగులు నీళ్లకి. రోజుకి ఐదు గంటలకి కాస్త తక్కువ. మూడేళ్లు దాటి ఎవరికీ ఇవ్వకూడదని తాతమ్మ రాసింది కదా, మూడేళ్లే రాయించాను. ఆ మహాతల్లి మాట జవదాటలేదు.”

“మన మిగులు అందులో సగమే” అంది టీచరమ్మ. తరగతిలో హాజరు వేసినంత మామూలుగా అంది. “గిన్నె పద్దెనిమిది నిమిషాలకే మునుగుతోంది. ఇరవై నాలుగు ఉండాలి.”

తమ్ముడు ఆమె వంక చూసి నవ్వబోయి ఆగాడు. “ఎందులో చూశావు?”

“గడియారంలో.”

“గడియారం తప్పయి ఉంటుంది.”

ఈ మాట విని అతన్ని తీసిపారేయకండి. ఆ ఊళ్లో పుట్టినవాళ్లు ఎవరైనా అదే అంటారు. బడి గంట కొట్టేది గిన్నె మునిగిన చప్పుడును బట్టి. చేతి గడియారం కొన్నవాడు ముందుగా తొట్టి దగ్గరికొచ్చి దాన్ని గిన్నెతో సరిచేసుకుని పోతాడు. గిన్నెకూ గడియారానికీ తేడా వస్తే గడియారం వెనక్కి ఇచ్చి వచ్చినవాళ్లున్నారు. తాతమ్మ గిన్నెను అనుమానించడం ఎవరి ఊహకూ అందలేదు. అందుకే ఊట తగ్గిందనుకున్నారు, వానలు తగ్గాయనుకున్నారు, తమ పాపాలు పెరిగాయనుకున్నారు.

టీచరమ్మ వాదించలేదు. కొంగు ముడి విప్పి సూది తీసింది. వక్ఫ్‌నామా చివరి వాక్యం మీద వేలు పెట్టి చూపించింది. అతను చదివేదాకా ఆగి, గిన్నెను ఎత్తి పట్టుకుని చిల్లలోకి సూది గుచ్చింది.

సూది ఎక్కడా ఆగలేదు. చిల్లలోంచి జారి, బల్ల మీద పడి టింగుమంది. 

తమ్ముడు గిన్నె అందుకుని, సూది తీసి తనే గుచ్చాడు. మళ్లీ టింగుమంది. మూడోసారి గుచ్చడానికి చెయ్యి రాలేదు. ఇనప్పెట్టె మీద కూలబడ్డాడు.

“ఎవరు చేశారిది?”

“ఎవరూ చెయ్యలేదురా. తోమి తోమి అరిగింది.”

ఇద్దరూ ఒకేసారి ఇంటి వైపు చూశారు. ఆ గిన్నెను తోమే చెయ్యి ఒక్కటే. శుక్రవారం శుక్రవారం, జ్వరమొచ్చినా మానకుండా, ఇదీ ఒక ఆరాధనే అన్నంత నిష్ఠగా వాళ్లమ్మ తోముతుంది. తాను వండిన వంట బాగుందన్నా పొంగిపోదు. గిన్నె మెరుస్తోందంటే మాత్రం ఆ పూటంతా మొహం వెలిగిపోతుంది. 

తమ్ముడు గొంతు తగ్గించాడు. “అమ్మకు చెబుతావా? ఊరి నీళ్లు ఇన్నేళ్లూ నీ చేతుల మీదుగా మనింటికి మళ్లాయని చెప్పగలవా? నాన్న పోయి ఐదు వారాలు. ఇది వింటే ఆవిడ మంచం దిగుతుందా?”

ఆమె సూదిని తీసి మళ్లీ కొంగున ముడేసుకుంది.

“నువ్వు లెక్కల మనిషివి. ఒక లెక్క చెబుతా విను. అమ్మ ఉన్నన్నాళ్లూ ఈ గిన్నె ఇలాగే ఉండనీ. ఆ తర్వాత కొత్తది చేయిద్దాం. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు.” మొహం పక్కకు తిప్పుకుని అన్నాడు. “నీకు జీతం ఉంది. చదువుకున్నావు, వెళ్లావు. తప్పని అనడం లేదు. నేను ఉండిపోయాను. తొమ్మిదేళ్లు నాన్నకు స్నానం చేయించింది నేను. నాకు ఈ మిగులు తప్ప ఏముందక్కా?”

అందులో అబద్ధం ఒక్కటీ లేదు. టీచరమ్మకు అదీ సరే అనిపించింది. ఈ మధ్య ఆమెకు ఎవరేమన్నా సరే అనిపిస్తోంది. సంతకం పెడితే అమ్మ బాగుంటుంది, తమ్ముడు బాగుంటాడు. కిటికీ అవతల కూర్చున్న మనిషి బాగుండదు. లోపల ఏదైనా బతికి ఉంటే ఈ మూడింటిలో ఒకదానివైపు మొగ్గేది. ఆమె కాగితం దగ్గరికి లాక్కుంది. కలం మూత తీసింది.

“ఏంటర్రా, ఇద్దరూ బడిలో దెబ్బలు తిన్నవాళ్లలా మొహాలు పెట్టారు?” అంటూ అమ్మ లోపలికి వచ్చింది. ఒక చేత్తో గోడ పట్టుకుంది. రెండో చేతిలో చిన్న మూట. “పాడు మోకాలు, నాలుగడుగులకు నలభై సార్లు ఆపింది. ఏదీ గిన్నె? తాత కేకలేస్తాడు.”

ఆమె కిటికీ కింద చతికిలబడి మూట విప్పింది. అందులో పిండిలా మెత్తటి ఇసుక, జానెడు పీచు తాడు ఉన్నాయి.

టీచరమ్మ ఆ ఇసుక వంక చూసింది. ఆమెకు గుర్తున్నది బూడిద. చిన్నప్పుడు ఇదే కిటికీ కింద అమ్మ గిన్నె తోముతుంటే తను పక్కన కూర్చుని, బూడిదలో వేలితో ఎక్కాలు రాసేది. “బూడిద కదమ్మా నువ్వు వాడేది?”

“అది మీ నానమ్మ పద్ధతి. మీ నాన్న మాన్పించాడు” అంది అమ్మ, కొడుకు చేతిలోంచి గిన్నె అందుకోబోతూ. అతను ఇవ్వలేదు. ఆవిడ గమనించలేదు. “చిల్లలో పాచి పేరుకుంటోందన్నాడు. బూడిదకు పాచి పోదట. గిన్నె ఆలస్యంగా మునిగితే చేలకు లెక్కకు మించి నీళ్లు పోతాయి, ఆ పాపం మనకు చుట్టుకుంటుందన్నాడు. తనే ఏటికి వెళ్లి ఇసుక తెచ్చి, మూడుసార్లు జల్లించి ఇచ్చాడు. ఇదిగో ఈ తాడు కూడా తనే పేనాడు. ఇసుక అద్దుకుని, చిల్లలో దూర్చి నూరుసార్లు లాగమనేవాడు.” నవ్వింది. “నేను నూటొకటి లాగేదాన్ని. ఆయన పోయిన వారం కూడా మానలేదు తెలుసా?”

తమ్ముడు గిన్నెను ఒళ్లోకి లాక్కున్నాడు.

“ఎప్పట్నుంచమ్మా?” అంది టీచరమ్మ.

“ఏంటి?”

“ఇసుకతో తోమడం. ఏ ఏడాది నుంచి?”

“ఏ ఏడాదంటే...” అమ్మ వేళ్లు మడిచి లెక్క పెట్టబోయి, మానేసింది. “నీకు కాలేజీలో సీటొచ్చింది చూడు, ఆ ఏడాది. ఫీజు ఎలా కట్టాలో తెలియక మీ నాన్న మూడు రోజులు అన్నం ముట్టలేదు. నాలుగో రోజు ఇసుకతో వచ్చాడు. అదేం చలవో గానీ ఆ ఏడాది నుంచే మిగులు పెరుగుతూ వచ్చింది. పక్క తోటల వాళ్లకు అమ్ముకున్నాం, నీ చదువు గట్టెక్కింది. గిన్నెను శుభ్రంగా చూసుకున్నందుకు అల్లా మెచ్చి ఇచ్చాడనేవాడు.”

టీచరమ్మ బల్ల మీద ఉన్న కళ్లద్దాల పెట్టె వంక చూసింది. సూది ఉండాల్సింది రేకు గొట్టంలో. ఇంకెవరైనా తీసి గుచ్చి చూస్తారని ఆయన దాన్ని గొట్టంలో ఉంచలేదు. ఇరవై ఆరేళ్లు గుండెకు ఆనించుకుని తిరిగాడు. ఎవరు కనబడినా “మా వంశంలో పట్నం వెళ్లి చదివిన మొదటి ఆడపిల్ల” అని చెప్పుకుంటూ తిరిగింది కూడా ఆ సూది జేబులో పెట్టుకునే. ఆమె నల్లబల్ల మీద రాసిన ప్రతి లెక్కకూ, దిద్దిన ప్రతి పుస్తకానికీ ఆ చివరి చేను నీళ్లు కట్టింది. ఆ సంగతి ఆమెకు అర్థమైంది. అర్థమైనా ఏడుపు రాలేదు. కలం పట్టుకున్న వేళ్లు మాత్రం నొప్పిగా ఉన్నాయి. చూసుకుంటే, కలాన్ని విరిగిపోయేంత గట్టిగా పట్టుకుని ఉంది. ఐదు వారాల్లో ఆమెకు తెలిసిన మొదటి నొప్పి అదే.

తమ్ముడు అమ్మ తల మీదుగా ఆమె వైపు చూశాడు. వద్దు అన్నట్టు తల ఊపాడు. అతని కళ్లు ఎర్రబడ్డాయి. ఆ క్షణాన అతను మిగులు నీళ్ల గురించి ఆలోచించడం లేదని ఆమెకు తెలుసు.

“గిన్నె ఇస్తారా తల్లీ?” బయటినుంచి గిన్నెతాత కేకేశాడు. “నమాజు అయిపోయింది. చివరి చేను వంతు మొదలెట్టాలి!”

“అయ్యో, ఇంకా తోమనే లేదు. కాస్త ఆగమను” అంది అమ్మ తాడును ఇసుకలో దొర్లిస్తూ. “ఇలా తే నాన్నా.”

టీచరమ్మ లేచింది. తమ్ముడి చేతిలోంచి గిన్నె తీసుకుంది. అతను వదిలేశాడు. ఆమె అమ్మను దాటుకుని, గడప దాటి, ఎండలోకి నడిచింది. గట్టు మీద గిన్నెతాత చెయ్యి చాచి నిలబడ్డాడు. అతని వెనక నారుమళ్ల అక్క, ఆమెతో పాటు మరో ఐదారుగురు ఆడవాళ్లు పలుగులూ పారలూ పట్టుకుని ఉన్నారు. నీళ్లు తమ చేను దాకా వస్తాయో రావో చూసి మళ్లించుకోవడానికి వచ్చారు.

“తూము ఎత్తు తాతా” అంది టీచరమ్మ.

తాత తూము పలక ఎత్తాడు. నీళ్లు చప్పుడు చేస్తూ కాలువలోకి దూకాయి. ఆయన మళ్లీ చెయ్యి చాచాడు. “గిన్నె?”

“ఇవాళ గిన్నె వెయ్యొద్దు. నేను చెప్పేదాకా పారనీ.”

ముసలాయన చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. తాతమ్మ కాలం నుంచి ఈ రోజు దాకా గిన్నె లేకుండా తూము ఎత్తిన వంతు లేదు. నారుమళ్ల అక్క పార కింద పెట్టి దగ్గరికి వచ్చింది. టీచరమ్మ మొహంలోకీ, గిన్నెలోకీ మార్చి మార్చి చూసింది. అడుగున ఉన్న చిల్లలోంచి ఎండ సన్నగా దూరి ఆమె చేతి మీద పడుతోంది.

“గిన్నెకేమైంది టీచరమ్మా?”

జవాబు చెప్పబోతుంటే వెనక నుంచి గోడ పట్టుకుని నడుస్తున్న అడుగులు వినబడ్డాయి. తమ్ముడు “అమ్మా, లోపలికి రా” అని బతిమాలుతున్నాడు. అడుగులు ఆగలేదు. గడప మీద అమ్మ నిలబడింది. గుప్పిట్లో ఇసుక, వేళ్ల మధ్య వేలాడుతున్న తాడు.

“గిన్నెకేమైందే?” అంది అమ్మ.